‘నాన్న ఫ్రెండ్స్ – 5,870’

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ నుంచి వచ్చింది. పేరు వద్దన్నారు కాబట్టి అవసరమైనంతే చెబుతాను. రాసినాయనకి 42 ఏళ్ళు. బాలానగర్ వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్. భార్య ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. పాప తొమ్మిదో తరగతి, బాబుకి ఎనిమిదేళ్ళు. తల్లి తణుకు దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది.

శనివారం డ్యూటీ దిగాక ఫ్రెండ్స్‌తో సిట్టింగ్. అప్పుడప్పుడు బుధవారం కూడా. ఒకప్పుడు క్వార్టర్‌తో సరిపోయేది, ఈ ఏడాది క్వార్టరున్నర అవుతోందట. బిల్లు ఎక్కువసార్లు తనే ఇస్తారు. ‘మిగతావాళ్ళు నా కింద చేసేవాళ్ళు, వాళ్ళ చేత ఇప్పిస్తే ఏం బావుంటుంది?’ అని రాశారు. పదకొండింటికి బండి మీద ఇంటికి చేరతారు, పిల్లలకి ఐస్‌క్రీమ్ పట్టుకుని. ఆదివారం లేచేసరికి మళ్ళీ పదకొండు.

మూడేళ్ళుగా ప్రతి దసరాకీ పిల్లల్ని అరకు తీసుకెళ్తానని మాటిస్తున్నారు. ఒక ఏడు తల్లికి కంటి ఆపరేషన్ వచ్చింది, ఒక ఏడు స్కూలు ఫీజు, ఈ ఏడు చేతిలో డబ్బుల్లేవు. చిన్నోడు మాత్రం అరకు రైలుకి ఎన్ని సొరంగాలు వస్తాయని అడుగుతూనే ఉన్నాడు.

అసలు గొడవ పాప స్కూలు ప్రాజెక్టుతో వచ్చింది. ‘మా ఇంటి నెల బడ్జెట్’ రాసుకురమ్మన్నారు. ఈయనే ఫోన్ చేతికిచ్చి, ‘యూపీఐ స్టేట్‌మెంట్ ఉంది, నువ్వే లెక్కేసుకో’ అన్నారు. పాప చార్టు మీద స్కెచ్ పెన్నుతో గీతలు కొట్టి వరసగా రాసింది. ఇంటి లోను 19,500. ఇద్దరి ఫీజులు, ఆటో 9,500. నానమ్మకి 4,000. చిట్టీ 5,000. బియ్యం, పాలు, కూరగాయలు, గ్యాస్ 12,000. పెట్రోలు, కరెంటు, ఫోన్లు 4,000. చివరి వరసలో ‘నాన్న ఫ్రెండ్స్ – 5,870’.

అది చూడగానే ఆయనకి ఒళ్ళు మండిపోయింది. ‘నా సంపాదనకి నువ్వు లెక్కలడుగుతావా?’ అని చార్టు చింపేశారు. పాప ఏడవలేదట. ఆ రాత్రే కూర్చుని ఆ వరస లేకుండా ఇంకోటి రాసుకుంది. పదికి పది మార్కులు వచ్చాయి, ఆ సంగతి కూడా తల్లి చెబితేనే తెలిసింది. పన్నెండు రోజులుగా తండ్రితో మాటల్లేవు. భార్య ఏమీ అనదు. ఆ ఏమీ అనకపోవడమే భరించలేకపోతున్నానన్నారు.

ఆయన అడిగినవి మూడు. నేను తాగుబోతునా? సంపాదించేవాడికి వారానికోసారి ఆ మాత్రం హక్కు లేదా? చిట్టీ పాడో, క్రెడిట్ కార్డు మీదో పిల్లల్ని అరకు తిప్పుకొచ్చేస్తే ఇంట్లో మామూలైపోతుందా?

*

మీ ఉత్తరంలో మీరు దాటేసిన ఒక చిన్న విషయం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. స్టేట్‌మెంట్‌లో షాపు పేరు ఉంటుంది. ఫలానా వైన్స్, ఫలానా బార్ అని స్పష్టంగా కనపడుతుంది. మీ పాప అది చదివింది, ఒక్కొక్కటీ కూడింది. రాసేటప్పుడు మాత్రం ‘వైన్స్’ అని రాయలేదు, ‘నాన్న ఫ్రెండ్స్’ అని రాసింది. ఆ చార్టు క్లాసులో గోడకి పెడతారని, టీచరు చదువుతుందని, పక్క బెంచీ పిల్లలు చదువుతారని దానికి తెలుసు. పద్నాలుగేళ్ళ పిల్ల కూర్చుని, లెక్క తప్పకుండా, తండ్రి పరువు పోకుండా ఒక మాట వెతుక్కుంది. మీరు చింపింది ఆ చార్టుని.

మిమ్మల్ని బాధపెట్టాలని కాదు. అది మిమ్మల్ని లెక్క అడిగిందనుకుని మీరు కోప్పడ్డారు. కానీ అడగలేదు, కప్పిపుచ్చింది. ఈ తేడా తెలిస్తే పాపతో ఏం మాట్లాడాలో మీకే తడుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను, కోపమంతా అందులోనే ఉంది కాబట్టి. సంపాదించేవాడికి హక్కు లేదా? ఉంది. పన్నెండు గంటలు మెషీన్ల మోతలో నిలబడి, పైవాడి తిట్లు కిందికి పోకుండా, కిందివాడి తప్పులు పైకి పోకుండా చూసుకునే మనిషికి, వారానికి ఒక సాయంత్రం తనదంటూ ఉండాలి. అందులో తప్పేమీ లేదు.

అయితే మీ లెక్కే మీ ముందు పెడతాను. మీ జీతం 58,000. పాప రాసిన ఖర్చులు, చివరి వరస వదిలేసి, 54,000. మిగిలేది 4,000. మీ శనివారాలకి అయ్యేది 5,870. తక్కువ పడేది 1,870. అది ఎక్కణ్ణుంచి వస్తోంది? మీరే ఒకచోట రాశారు: ‘మా ఆవిడకి కుట్టుపని మీద ఓ నాలుగు వేలు వస్తాయి, అది లెక్కలోకి రాదు లెండి.’ లెక్కలోకి వస్తుందండీ. ఆ నాలుగు వేలల్లో 1,870 మీ సిట్టింగులకి పోతోంది. ఇంకో 2,050 మీ క్రెడిట్ కార్డు మినిమమ్ డ్యూకి పోతోంది. ఇంటికి చివరికి మిగిలేది 80 రూపాయలు. అంటే మీ శనివారం రాత్రి ఖర్చులో దాదాపు మూడో వంతు ఆవిడ మిషన్ తొక్కితే వస్తోంది. ‘నా సంపాదన’ అన్నమాట పాప ముందు అన్నారు సరే, ఆవిడ వింటుండగా అన్నారా? ఆ మౌనానికి ఇది కారణమై ఉండొచ్చు. నా ఊహే, ఆవిడనే అడిగి చూడండి.

ఇంకొకటి. పాప జాబితా రెండుసార్లు చదివాను. ఇంటికి, పిల్లలకి, నానమ్మకి, నాన్నకి వరసలున్నాయి. అమ్మకి వరస లేదు. పాప మర్చిపోయిందనుకోను. రాయడానికి ఏమీ కనపడి ఉండదు.

ఇప్పుడు ‘నేను తాగుబోతునా’ అన్నది. ఆ మాట నేను వాడను. అది తిట్టుకి పనికొస్తుందిగానీ మనిషిని అర్థం చేసుకోవడానికి పనికిరాదు. పైగా ఆ మాట వల్ల ఒక నష్టం ఉంది. రోడ్డు పక్కన పడిపోయేవాణ్ణి చూసి ‘నేను అలా లేను కదా’ అనుకుని చాలామంది పదేళ్ళు గడిపేస్తారు. కొలతలతో మాట్లాడుకుందాం.

క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది చూడండి. ఆ లెక్కన ఒక క్వార్టర్‌లో ఉండే అసలు ఆల్కహాలు సుమారు 60 గ్రాములు. ఒక్క కూర్చోవడంలో 60 గ్రాములు దాటితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అతిగా తాగడం కిందే లెక్కేస్తుంది, అది నెలకోసారైనా సరే. మీది క్వార్టరున్నర, అంటే 90 గ్రాములు. ఒంట్లోంచి అది గంటకి ఏడు నుంచి పది గ్రాముల చొప్పున మాత్రమే పోతుంది. నిమ్మరసం తాగినా, చన్నీళ్ళు పోసుకున్నా ఆ వేగం పెరగదు. రాత్రి పదిన్నరకి గ్లాసు దించితే, మర్నాడు పొద్దున లేచేసరికి కూడా మీ రక్తంలో కొంత ఉండొచ్చు. ఆదివారం పదకొండింటిదాకా మీరు పడుకునేది అలసటతో అనుకుంటున్నారు. అందులో సగం మందు నిద్రే. అంటే మీరు ఖర్చు పెట్టేది శనివారం సాయంత్రం ఒక్కటే కాదు, ఆదివారం పొద్దుట కూడా. పిల్లలు ఇంట్లో ఉండే పొద్దుట వారానికి అదొక్కటే.

డాక్టర్లు మామూలుగా అడిగే నాలుగు ప్రశ్నలున్నాయి. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? దాని గురించి ఎవరైనా అంటే చిరాకేసిందా? తాగినందుకు తప్పు చేసినట్టు అనిపించిందా? పొద్దున్నే లేచి కొంచెం వేసుకుంటేగానీ ఒళ్ళు కుదుటపడని రోజులున్నాయా? రెండింటికి అవునంటే డాక్టరుతో ఒకసారి మాట్లాడటం మంచిది. మీ ఉత్తరాన్ని బట్టి రెండోదానికీ మూడోదానికీ జవాబు నాకు తెలిసిపోయింది. మొదటిదానికి మీరే చెప్పుకోవాలి. నాలుగోది లేదని అనుకుంటున్నాను. ఒకవేళ ఉంటే, పొద్దున చేతులు వణుకుతుంటే, ఒక్కసారిగా మానేయొద్దు. ఫిట్స్ దాకా పోవచ్చు. డాక్టరు దగ్గర మందులతో మానాలి. ఎవరికీ తెలియకుండా ముందు ఫోన్లో అడగాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. డబ్బులు తీసుకోరు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

బండి సంగతి మాత్రం బతిమాలుకునే విషయం కాదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మీరు మొదటి క్వార్టర్ సగంలో ఉండగానే అది దాటిపోతుంది. మొదటిసారి పట్టుబడితే 10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అది కూడా పెద్ద విషయం కాదు. యాక్సిడెంటై, తాగి ఉన్నారని తేలితే ఇన్సూరెన్సు వాళ్ళు మీకు పైసా ఇవ్వకుండా తప్పించుకోవడానికి దారి దొరుకుతుంది. నెలకి 19,500 లోను కట్టే ఇల్లు అప్పుడు ఎవరి మీద పడుతుందో చెప్పక్కర్లేదు. మీరు మానినా మానకపోయినా, శనివారం బండి ఫ్యాక్టరీలోనే వదిలేయండి.

తాగుడు విషయంలో మీ ముందున్న దారులు నాకు కనిపించినంతవరకు ఇవి. ఒకటి, మూడు నెలలు పూర్తిగా ఆపి చూడటం. తేలిగ్గా ఆపగలిగితే మీకు ధైర్యం వస్తుంది. ఆపలేకపోతే, అదీ ఒక జవాబే, డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడాల్సిన పని లేకుండా చేస్తుంది. కష్టమేమిటంటే మొదటి రెండు మూడు శనివారాలు ఏం చేయాలో తోచదు. ఇంటికి తొందరగా వచ్చి అందరి మీదా విసుక్కునే ప్రమాదం ఉంది. ఆ సంగతి ముందే మీ ఆవిడకి చెప్పి పెట్టుకోండి.

రెండోది, సిట్టింగ్ ఉంచుకుని ఎవరి బిల్లు వాళ్ళు ఇచ్చుకోవడం. ఇది వినడానికి చిన్న మాట, చేయడం పెద్ద పని. 5,870లో మీరు తాగింది ఎంత, మిగతావాళ్ళకి పోయించింది, స్టఫ్‌కి పోయింది ఎంత? నాకైతే సగం పైనే మీ గ్లాసులోది కాదనిపిస్తోంది. మీరు కొంటున్నది మందు కాదేమో, ‘అన్నా, నువ్వు లేకపోతే మా షిఫ్ట్ నడవదన్నా’ అన్న మాట. ఫ్యాక్టరీలో పైవాళ్ళు ఎవరూ ఆ మాట అనరు, ఇంట్లో అనే తీరిక ఎవరికీ లేదు, అక్కడ దొరుకుతోంది. బిల్లు పంచుకుందామంటే ఒకరిద్దరు రావడం మానేస్తారు. బాధగా ఉంటుంది. మిగిలిన ఒకరిద్దరితో టీ బండి దగ్గర కూర్చున్నా అవే కబుర్లు సాగుతాయి.

మూడోది, ఇప్పుడున్నట్టే ఉంచుకోవడం. అది కూడా దారే, కాదనను. కానీ అప్పుడు చార్టులో ఆ వరస ఉండనివ్వాలి. చింపకూడదు.

అరకు దగ్గరికి వద్దాం. నలుగురికి ఎంతవుతుందో నా అంచనా చెబుతాను. విశాఖకి స్లీపర్ టికెట్టు మనిషికి నాలుగు, అయిదు వందల మధ్య. రానుపోను నలుగురికీ కలిపి నాలుగు వేల లోపు. రెండు రాత్రులు గది, తిండి, అక్కడ తిరగడానికి ఆటో లేదా జీపు అన్నీ కలిపితే మొత్తం పదిహేను వేలలో అవుతుంది, డిసెంబరు చివరో, సంక్రాంతికో కాకపోతే. అప్పుడు గదుల ధర చెప్పినంత.

క్రెడిట్ కార్డు మీద వద్దు. మీ కార్డులో ఇప్పటికే 41,000 ఉందన్నారు. నెలకి మూడున్నర శాతం అనుకుంటే వడ్డీ 1,435, దాని మీద జీఎస్టీ కలిపి దాదాపు 1,700. మీరు కట్టే 2,050లో అసలుకి పోయేది మూడు వందల యాభై. ఏళ్ళతరబడి కట్టినా తరగదు. అందులో ఇంకో పదిహేను వేలు వేస్తే, పాప ఇంటర్‌కి వచ్చేదాకా అరకుకి వడ్డీ కడుతూనే ఉంటారు.

చిట్టీ పాడటం అంత చెడ్డ ఆలోచన కాదు, మీరు అనుకున్న పద్ధతిలో మాత్రం కాదు. లక్ష రూపాయల చిట్టీ, ఇరవై నెలలు, పన్నెండు కట్టారు. పాట పది వేల తగ్గింపుకి పోయిందనుకుందాం, 90,000 వస్తుంది. ముందు కార్డు 41,000 కట్టి మూసేయండి. నెలకి రెండు వేలు ఊపిరి పీల్చుకోవచ్చు. మిగిలిన 49,000లో పదిహేను వేలు అరకుకి తీయొచ్చు. కానీ ఆ చిట్టీ పాప ఇంటర్ ఫీజు కోసమని మీరే రాశారు. ఆ గుంటని మళ్ళీ పూడ్చాలి. శనివారాలు ఇలాగే సాగితే కార్డు మళ్ళీ నిండే ప్రమాదం ఉంది, ఈసారి పాడటానికి చిట్టీ ఉండదు. ఇంకో మాట, అది రిజిస్టరైన చిట్‌ఫండ్ కంపెనీదా, కాలనీలో తెలిసినావిడ నడిపేదా రాయలేదు. కాలనీదైతే ఇంటర్ ఫీజు లాంటిది అందులో పెట్టి కూర్చోవద్దని నా సలహా. ఎంత మంచావిడైనా సరే.

అప్పు లేకుండా అయితే ఇలా. మూడు నెలలు సిట్టింగులు ఆపితే 17,610. నవంబరులో మొదలుపెడితే సంక్రాంతి రద్దీ తగ్గాక, ఫిబ్రవరి మొదట్లో వెళ్ళొచ్చు. పొద్దుట చలి ఇంకా ఉంటుంది. వలిసె పూల పసుపు పొలాలు మాత్రం అప్పటికి అయిపోతాయి, అవి నవంబరు, డిసెంబరుల్లోనే. సగానికి తగ్గిస్తే అయిదు నెలలు పడుతుంది, మార్చి దాటుతుంది, పరీక్షలు అడ్డం. అప్పుడిక ఏప్రిల్ ఆఖరే. విశాఖలో చెమట కారిపోతుంది, కొండ మీద పర్లేదు.

ఈలోగా ఒక ఆదివారం రామప్ప గుడికి వెళ్ళి రావచ్చు. మీ ఆధార్లు తెలంగాణవే కాబట్టి ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీ ఆవిడకీ పాపకీ ప్రయాణం ఉచితం, టికెట్టు డబ్బులు మీకూ బాబుకీ మాత్రమే. 1213 నాటి గుడి, నీళ్ళలో తేలే ఇటుకలతో కట్టిన శిఖరం, యునెస్కో జాబితాలోకి 2021లో ఎక్కింది. పాపకి పుస్తకంలో చదివిందే కళ్ళ ముందు కనిపిస్తుంది. పొద్దున అయిదింటికి బయలుదేరాలి, అంటే ముందు రాత్రి తాగకూడదు. ఒక్క ఇబ్బంది ఉంది. మూడేళ్ళుగా అరకు అన్నవాళ్ళు ఇప్పుడు రామప్ప అంటే పిల్లలకి అది బేరంలా వినపడుతుంది. అరకు టికెట్లు చేతిలో పెట్టుకుని రామప్ప వెళ్తే అలా అనిపించదు. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, తేదీ రాసిపెట్టుకోండి.

‘అరకు తిప్పుకొస్తే మామూలైపోతుందా?’ కాదు. మా నాన్నగారు కూడా ఇలాంటి రాత్రుల్లో జిలేబీ పొట్లం తెచ్చేవారు. పొట్లం చూసే మాకు సంగతి అర్థమయ్యేది. ఇప్పటికీ జిలేబీ చూస్తే నాకు నోరూరదు. మీ ఐస్‌క్రీమ్ కథ కూడా అదే, పదకొండింటికి పిల్లలు నిద్రలో ఉంటారు, పొద్దుటికి అది పాలవుతుంది. అరకుని పెద్ద సైజు ఐస్‌క్రీమ్ చేయకండి.

పాపతో ముందు మాట్లాడాలి, ట్రిప్ ఊసెత్తకుండా. అమ్మ ద్వారా కబురు పంపడం వద్దు, పన్నెండు రోజులుగా ఆవిడ అదే మోస్తోంది. కొత్త ఫోనో, డ్రెస్సో కొనివ్వడం వద్దు. ‘నువ్వు రాసింది నిజమే, నేను చింపడం తప్పు’ అని రెండు ముక్కలు చాలు. అది వెంటనే కరిగిపోతుందని ఆశ పెట్టుకోకండి. ‘సరే’ అని లోపలికి వెళ్ళిపోవచ్చు. తనతో కూర్చుని ఇంకో కాగితం మీద ఆ బడ్జెట్ మళ్ళీ రాద్దామని అడగండి, ఈసారి అమ్మకి ఒక వరస పెట్టి. ఒప్పుకోకపోతే మీరొక్కరే రాసి ఫ్రిజ్ మీద అంటించండి. చివరి వరసకి ఏం పేరు పెట్టాలో మీ ఇష్టం.

రైలు గురించి ఒక చిన్న జాగ్రత్త. విశాఖ నుంచి అరకు వెళ్ళే కిరండూల్ ప్యాసింజర్ పొద్దున ఏడులోపే బయలుదేరిపోతుంది. హైదరాబాద్ నుంచి రాత్రి బండిలో వెళ్ళి అదే పొద్దుట దాన్ని అందుకుందామనుకుంటే, గంట లేటైనా పోయినట్టే. ఆ రోజు విశాఖలో బీచ్ చూసుకుని మర్నాడు ఎక్కండి. వచ్చేటప్పుడు రోడ్డు మీదుగా అనంతగిరి కాఫీ తోటలు, బొర్రా గుహలు చూస్తూ దిగొచ్చు. బాబుకి ఎనిమిదేళ్ళు కాబట్టి బెర్త్ లేకుండా సగం టికెట్టుతో సరిపెట్టొచ్చు, కానీ వాడికి పూర్తి టికెట్టే తీయండి. రాత్రంతా వాణ్ణి మీ బెర్త్ మీద సర్దుకుని పడుకుంటే మీకు నిద్రుండదు. అరకు దారిలో సొరంగాలు చాలానే ఉన్నాయి, లెక్క తప్పితే వాడు మీ మొహమే చూస్తాడు.